రెండోసారి ముట్టిన కాగితం

కోరాపుట్
14 జూన్ 1955

అక్కకు,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామని కలం పట్టాను గానీ, అది సగమే నిజం. దేవకుమారి బాగుంది. ఆరో నెల, వాంతులు తగ్గాయి, నువ్వు పంపిన నిమ్మకాయ ఊరగాయ సీసా అడుగు కనిపిస్తోంది. క్షేమంగా లేనిది నేను. ఒంట్లో కాదు, ఆఫీసులో.

మాది చిన్న ఆఫీసే, ఘాటు రోడ్ల సబ్ ఆఫీసు. పని మాత్రం చిన్నది కాదు. నా బల్లమీద ఇవాళ్టికి నూట పన్నెండు కాగితాలున్నాయి. ఒకటి తీస్తాను, చదువుతాను, దానికి జవాబేం రాయాలో తెలియక కింద పెట్టి ఇంకోటి తీస్తాను. సాయంత్రానికి అన్నింటినీ ఒకసారి పలకరించినట్టు ఉంటుంది, ఒక్కటీ కదలదు. నిన్న మా హెడ్ క్లర్కు ఢిల్లీశ్వరరావుగారు అందర్నీ నిలబెట్టి చెప్పాడు: "ఆగస్టు ఇరవైనాలుగున పెద్ద ఇంజనీరుగారు ఇనస్పెక్షనుకొస్తన్నారు. పాతిక్కి మించి పెండింగున్నోడెవడైనా సరే, మల్కనగిరి. నాకు సెప్పలేదేటండీ అని తరవాత ఏడవొద్దు."

మల్కనగిరి అన్న మాట వినగానే నాకు నాన్న గుర్తొచ్చాడు. అక్కడి ఆసుపత్రికి కాంపౌండరుగా వెళ్ళి, మన్యం జ్వరంతో పద్దెనిమిది రోజులకి మంచంమీద తిరిగొచ్చాడు, మళ్ళీ లేవలేదు. నాకప్పుడు ఆరేళ్ళు. నీకు అంతా గుర్తుండి ఉంటుంది. నాకు గుర్తున్నది మంచం కోడుకి కట్టిన తువ్వాలు ఒక్కటే. నేనింకా టెంపరరీని. పొమ్మంటే పోవాలి, లేదా మానుకోవాలి. కడుపుతో ఉన్న మనిషిని పెట్టుకుని ఏది చెయ్యను?

నువ్వు ఒక్కదానివే ఆ బడిలో మూడు తరగతులు నడుపుతావు. ఎలా చేస్తావో నాకు చెప్పు. నవ్వకు.

తమ్ముడు
అమృతరావు


రాయగడ
19 జూన్ 1955

ఒరే అమృతం,

నవ్వలేదు. అంటే మొదట కొంచెం నవ్వాను, మంచం కోడు దగ్గరకొచ్చేసరికి మానేశాను. నాన్న సంగతి ఎత్తకు. ఆ రోజులు వేరు, ఇప్పుడు మందులున్నాయి. పైగా నువ్వు ఎక్కడికీ వెళ్ళవు. నేను చెప్పినట్టు చెయ్యి.

పొద్దున్న కుర్చీలో కూర్చోగానే ఏ కాగితం చూస్తే నీకు భయమేస్తుందో అదే ముందు తీయి. భయమేసేదాన్ని అడుగున పెడితే అది రోజంతా అక్కణ్ణించి నిన్ను చూస్తూనే ఉంటుంది, పైవాటి మీదా మనసు నిలవదు. నేను బడికి వెళ్ళగానే ముందు మూడో తరగతి లెక్కలు పట్టుకుంటాను, అందుకే.

ఒకసారి చేత్తో ముట్టిన కాగితం మళ్ళీ నీ చేతికి రాకూడదు. ముట్టావా, తేల్చెయ్. రాయడమో, పంపడమో, ముగించడమో. ఎవరు చెయ్యాల్సిన పని వాళ్ళ బల్లమీదికి తోసెయ్. ఊళ్ళో వాళ్ళ బరువంతా నువ్వు మొయ్యక్కర్లేదు. ఒక రకంవి అన్నీ ఒకచోట పెట్టుకో. నేను దస్తూరీ పుస్తకాలన్నీ ఒక బిగిన దిద్దుతాను, మధ్యలో లెక్కల పుస్తకం తెరవను. ఇంకొకటి, ఎవరైనా నీ దగ్గరికొస్తే లేచి నిలబడి మాట్లాడు. నువ్వు కూర్చుంటే వాళ్ళూ కూర్చుంటారు, టీ అంటారు, గంట పోతుంది.

నీ ఉత్తరం స్టాఫు గదిలో చదివి వినిపించాను. మంచం కోడు ముక్క వదిలేశాన్లే. మా బుల్లమ్మ టీచరు మీ ఢిల్లీశ్వరరావుగారికి స్వయానా మరదలుట! "మా బావ నోరే అలాటిదండీ, మనసు ఎన్న" అంది. కాబట్టి ధైర్యంగా ఉండు. దేవకుమారిని బరువులెత్తనివ్వకు.

నీ అక్క
దయావతి


కోరాపుట్
9 జూలై 1955

అక్కకు,

నలభైయొకటి! నూట పన్నెండు ఉండేవి నలభైయొకటయ్యాయి. ఇరవై రోజుల్లో. నువ్వు ఇంజనీరువి అవాల్సింది.

నిలబడి మాట్లాడటం బ్రహ్మాండంగా పనిచేసింది. కంట్రాక్టర్లు రెండు నిమిషాలకే తడబడి వెళ్ళిపోతున్నారు. సెలవు చీటీలన్నీ ఒకపూట, కంకర లెక్కలన్నీ ఒకపూట. భయమేసేవి ముందు తీయడం ఒక్కటే ఇంకా అలవాటు కాలేదు. కానీ దానికీ ఒక ఉపాయం దొరికింది.

రెండేళ్ళుగా ఎవరూ ముట్టుకోని అర్జీ ఒకటుంది. మీ బస్సు వచ్చే దారిలోదే. కకిరిగుమ్మ దాటాక గెడ్డ మీద కర్ర వంతెన లేదూ, దాని దూలాలు పుచ్చిపోయాయని ఆ ఊరి పెద్ద బుద్రా నాయకో వేలిముద్ర వేసి ఇచ్చాడు. అది చూస్తే నాకు భయం. వంతెన మంచిదో చెడ్డదో కుర్చీలోంచి నాకేం తెలుస్తుంది? అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. అది చూడాల్సినవాడు ఓవర్సీరు. ఆయన బల్లమీదికి పంపేశాను. ఆయన సెలవులో ఉన్నాడుట, వచ్చాక చూసుకుంటాడు. నా రిజిస్టర్లో 'ముగిసినది' అని ఎర్ర సిరాతో రాసి, నాయకోకి అచ్చు కార్డు పంపాను. రెండేళ్ళ కాగితం అయిదు నిమిషాల్లో తేలిపోయింది. అలాంటివే ఇంకా చాలా పంపాను. ఇప్పుడు కొండ ఆయన బల్లమీద ఉంది.

ఢిల్లీశ్వరరావుగారు నా రిజిస్టరు పట్టుకెళ్ళి మిగతా గుమస్తాలకి చూపించాడు. "ఈడ్ని సూసి నేర్సుకోండి" అన్నాడు. జన్మలో నన్ను చూసి ఎవరూ ఏదీ నేర్చుకోలేదు.

తమ్ముడు
అమృతరావు


రాయగడ
15 జూలై 1955

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం ఈసారి స్టాఫు గదిలోనే కాదు, ఆదివారం చర్చి అయ్యాక స్త్రీల కూటంలో కూడా చదివాను. ఆ వంతెన కాగితం అయిదు నిమిషాల్లో తేల్చావని చదివితే బుల్లమ్మ టీచరు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. వాళ్ళ బావకి రాస్తానంది. రాయమన్నాను. నిన్ను పర్మినెంటు చెయ్యకుండా ఎలా ఉంటారో చూస్తాను.

ఇక అసలు సంగతి. సెప్టెంబరు మొదటివారంలో నేను వస్తున్నాను. సెలవు రాసి పెట్టాను. తొలి కాన్పు ఇద్దరే ఉండి చేసుకునేది కాదు. కొట్‌పాడ్ నేతబట్ట, ఎర్రటిది, ఒక పాత మెత్తటి ముక్క సంతలో దొరికితే తీసి ఉంచు. పుట్టిన బిడ్డని చుట్టడానికి అంత మంచిది ఇంకోటి లేదు.

నీ అక్క
దయావతి


కోరాపుట్
6 ఆగస్టు 1955

అక్కకు,

పద్దెనిమిది మిగిలాయి. ఆఫీసు బాగానే ఉంది.

వానలు చాలా ఎక్కువగా ఉన్నాయి. ఈ వానల్లో ఘాటీ ఎక్కి నువ్వు రావడం నాకిష్టం లేదు. సెప్టెంబరు వెళ్ళనీ, అక్టోబరులో చూద్దాం. కాన్పుకి ఇక్కడ మిషను నర్సమ్మ ఉంది, పక్కింటి కమలాంబగారు కూడా అనుభవం ఉన్న మనిషి. నువ్వు రాకపోయినా ఫరవాలేదు.

ఇంకొక మాట. నా ఉత్తరాలు ఎవరికీ చదివి వినిపించకు. దయచేసి.

తమ్ముడు
అమృతరావు


రాయగడ
11 ఆగస్టు 1955

చి. అమృతరావుకు,

'రాకపోయినా ఫరవాలేదు' అన్న వాక్యం నాలుగుసార్లు చదువుకున్నాను. ఎవరికీ వినిపించలేదు, నువ్వు చెప్పినట్టే.

పొమ్మనలేక పొగబెట్టడం అంటారు. నీకు పొగబెట్టడం చేతకాదు, చిన్నప్పట్నించీ అంతే, కాబట్టి ఈ మాటలు నీవి కావని తెలుసు. ఈస్టరుకి వచ్చినప్పుడు బియ్యంలో రాళ్ళు సరిగ్గా ఏరలేదని దేవకుమారిని నలుగురిలో అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ పిల్ల తల దించుకుని మళ్ళీ చేట పట్టుకుంది. అది మనసులో పెట్టుకుందని అనుకోలేదు. పక్కింటి కమలాంబగారు పనికొచ్చారు గానీ నేను పనికిరాలేదన్నమాట.

నేను పెళ్ళి మాట తలపెట్టకుండా నిన్ను పెంచాను. అందుకు నాకు ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు. బిడ్డని మొదటిరోజు ఎత్తుకోనిస్తే చాలనుకున్నాను. దేవకుమారికి చెప్పు, నేను వంటింట్లోకి రాను, బియ్యం చూడను. అప్పుడైనా రావచ్చునేమో అడిగి రాయి.

దయావతి


కోరాపుట్
18 ఆగస్టు 1955
(ఇది పోస్టు చెయ్యలేదు)

అక్కా,

దేవకుమారి నీ ఉత్తరం చదివి ఏడ్చింది. నువ్వు ఎప్పుడొస్తావా అని అది రోజూ కాలెండరు చూస్తోంది. తనకేమీ తెలియదు. ఎవరికీ తెలియదు. నాకొక్కడికే తెలుసు.

ఈ నెల మూడో తేదీన బుద్రా నాయకో ఆఫీసుకొచ్చాడు. ముప్ఫై మైళ్ళు నడిచి. నేను పంపిన అచ్చు కార్డు ఆకులో చుట్టి తెచ్చాడు. నేను లేచి నిలబడి మాట్లాడాను. "బాబూ, కార్డొచ్చింది. మనుషులెప్పుడొస్తారు?" అన్నాడు. వాళ్ళ ఊరి ఎడ్లబండి చక్రం పలకల్లోంచి దిగబడి ఒక ఎద్దు కాలు విరిగిందని చెప్పాడు. "ఈసారి బస్సే" అన్నాడు. నేను "వస్తారు" అన్నాను. అంత సులువుగా వచ్చింది ఆ మాట.

అతను వెళ్ళాక ఓవర్సీరు గదిలోకి వెళ్ళాను. అక్కా, ఆయన సెలవులో లేడు. మే నెలలోనే బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. నేను పంపినవన్నీ ఆ బల్లమీద పంపినవి పంపినట్టే ఉన్నాయి. పైకప్పు కారి, మీది కాగితాలు అతుక్కుపోయాయి.

ఇప్పుడు ఆ అర్జీ మళ్ళీ తెరిస్తే నా రిజిస్టరంతా అబద్ధమని తేలుతుంది. ఇనస్పెక్షను ఆరు రోజుల్లో ఉంది. నీకు నిజం రాస్తే నువ్వు ఎవరికీ చదవవు, అది తెలుసు. కానీ నువ్వు గాభరాపడి బుల్లమ్మ టీచర్ని ఒక్కమాట అడిగితే చాలు, మర్నాటికి ఢిల్లీశ్వరరావుగారికి తెలుస్తుంది. ఇరవైనాలుగు దాటనీ, మర్నాడే తెరుస్తాను అనుకుంటున్నాను. ఆ మాట అనుకున్నప్పుడల్లా నామీద నాకే అసహ్యం వేస్తోంది.

బస్సు డ్రైవరు లక్ష్మణుణ్ణి స్టాండులో పట్టుకుని, గెడ్డ దగ్గర జాగ్రత్త అని చెప్పాను. "మా అయ్య కూడా ఆ వంతెన మీదే బండి తోలేడు బాబూ, దానికేటవుద్ది?" అని నవ్వేడు. రోజూ మధ్యాహ్నం రెండింటికి బస్సు హారను వినపడేదాకా నాకు అన్నం దిగదు. వినపడ్డాక తింటాను. మర్నాడు మళ్ళీ మామూలే. నీకు రాసే ఈ ఉత్తరం కూడా ఆ వంతెన మీదుగానే పోవాలి.

నీ మాటల్లో మిగతావన్నీ పట్టుకున్నాను. మొదటిది వదిలేశాను. భయమేసేదాన్ని ముందు తీయలేదు, కంటికి కనపడకుండా చేశాను.


కోరాపుట్
18 ఆగస్టు 1955

అక్కకు,

నువ్వు అనవసరంగా మనసు కష్టపెట్టుకున్నావు. దేవకుమారి మీద ఒట్టు, తను ఏమీ అనలేదు. నువ్వంటే తనకి ప్రాణం.

నిజం చెప్పాలంటే నాకు నాలుగు రోజుల్నించి కొద్దిగా జ్వరంగా ఉంది. పెద్దదేమీ కాదు, మంచంమీదే ఉన్నాను. ఇల్లు చిందరవందరగా ఉంది. ఇప్పుడు నువ్వొస్తే నీకు కష్టం. అందుకే ఆగమన్నాను. నేను చెప్పేదాకా బయల్దేరకు.

తమ్ముడు
అమృతరావు


రాయగడ
22 ఆగస్టు 1955, సోమవారం

అమృతం,

'కొద్దిగా జ్వరం' అని రాశావు. నాన్న మల్కనగిరి నించి రాసిన కార్డులో కూడా అదే మాట ఉంది. 'కొద్దిగా జ్వరం, కంగారు పడవద్దు.' ఆ కార్డు అందిన నాలుగో రోజున మంచం వచ్చింది. కార్డు ఇప్పటికీ నా బైబిల్లో ఉంది.

ఇదిరా నువ్వు దాచింది? దేవకుమారిని ఎన్ని మాటలన్నాను! ఆ పిల్ల ఒక్కతీ కడుపుతో ఉండి నీకు చాకిరీ చేస్తోందన్నమాట. నన్ను క్షమించమను.

మూత్రం రంగు చూసుకో. నాన్నకి అయినట్టు ఎర్రగా గానీ నల్లగా గానీ ఉంటే మంచం దిగకు. క్వినైను నీ అంతట నువ్వు మింగకు, డాక్టరు చెప్తేనే. నీళ్ళు బాగా తాగు. గురువారం బస్సుకి వస్తున్నాను. సెలవు ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. 

అక్క


తంతి
కోరాపుట్ నించి రాయగడకు
25 ఆగస్టు 1955, ఉదయం

దయావతి టీచరు, బాలికల పాఠశాల. జ్వరం లేదు. బయల్దేరవద్దు. బస్సు ఎక్కవద్దు. అమృతరావు.


గెడ్డ ఒడ్డున, బుద్రా నాయకో ఇంట్లో
26 ఆగస్టు 1955

అమృతరావుకు,

నేను బతికే ఉన్నాను. ఆ మాట ముందు రాస్తున్నాను, నీకు బస్సు సంగతి ఈపాటికి తెలిసి ఉంటుంది కాబట్టి.

నిన్న పన్నెండు గంటలకి కకిరిగుమ్మ దాటాం. జోరున వాన. గెడ్డ దగ్గరకొచ్చేసరికి ఒక ముసలాయన వంతెనకి అడ్డంగా నిలబడి, ఎర్ర కొట్‌పాడ్ గుడ్డ ఊపుతున్నాడు. లక్ష్మణుడు బస్సు ఆపి అరిచాడు. "ఏటి నాయకో, రోజూ ఇదేటి గోల? టైమైపోతంది, తప్పుకో!"

"గెడ్డ పొంగింది. మనుషుల్ని దించు. నడిసి రమ్మను," అన్నాడు ఆయన. "కార్డొచ్చింది, ఆపీసోళ్ళొస్తారు. ఆళ్ళొచ్చి సూసీదాక మనుషులున్న బండి పోనివ్వను."

బస్సులో అందరికంటే ముందు ఆయనమీద విరుచుకుపడింది ఎవరో తెలుసా? నేనే. "మా తమ్ముడు జ్వరంతో చావుబతుకుల్లో ఉన్నాడు, నువ్వెవరివయ్యా ఆపడానికి!" అన్నాను. ఆయన నావంక చూసి, "దిగమ్మా. నీ తమ్ముడు నిన్ను సూడాలి కదా," అన్నాడు. అందరూ దిగాక చివరికి నేనూ దిగాను. తిట్టుకుంటూ దిగాను.

ఇరవైముగ్గురం. చంటిపిల్లల తల్లులు ఇద్దరు. నేను మధ్యకి వచ్చేసరికి కాలికింద పలక కదిలింది. అమృతం, అది చిన్న కదలిక. బల్లకి ఒక కాలు పొట్టయితే ఎంత కదులుతుందో అంత. కానీ కింద నీళ్ళు చూశాక, ముందు మనిషి భుజం పట్టుకుని మిగతాది దాటాను. తరవాత లక్ష్మణుడు ఖాళీ బస్సు తోలాడు. ముందు చక్రాలు దాటాయి. వెనకవి దాటలేదు. పెళ్ళున చప్పుడయింది. లక్ష్మణుడు తలుపులోంచి దూకాడు, మోచేతికింద ఎముక విరిగింది. బస్సు పక్కకి ఒరిగి గెడ్డలోకి వెళ్ళిపోయింది. కాసేపు దాని పైకప్పు కనపడింది, తరవాత అదీ కనపడలేదు.

నేను రోడ్డుమీదే కూర్చుండిపోయాను. పక్కనున్న తల్లి తన బిడ్డని నా ఒళ్ళో పెట్టింది. చాలాసేపు ఆ బిడ్డని పట్టుకునే ఉన్నాను.

నాయకో ఇంటికి చేరాక లక్ష్మణుడి చేతికి వెదురుబద్దలు పెట్టి కట్టాను, నాన్న నేర్పినట్టే. నొప్పికి పళ్ళు కొరుక్కుంటూ, "ఆ కోరాపుట్టు బాబు ముందే సెప్పేడమ్మా, నేనే ఇన్లేదు," అన్నాడు. ఏ బాబు అని అడిగాను. "కళ్ళజోడు బాబు. రోడ్ల ఆపీసు. ఎడంచేత్తో రాస్తాడు."

అప్పుడు నాయకో లోపల్నించి ఆకుల పొట్లం తెచ్చాడు. "అమ్మా, నువ్వు టీచరమ్మవంట కదా. ఇందులో ఏ రోజు వస్తామని రాసేరో సూసి సెప్పు. బాబు వస్తారన్నాడు. మొన్న సోమారం మళ్ళీ ఎల్లేను, బల్లకాడే ఉన్నాడు, వస్తారన్నాడు. రోజు సెప్పలేదు."

సోమవారం. బల్ల దగ్గర. అంటే నీకు జ్వరం లేదు. అది తెలిసి ఎంత సంతోషించానో, పొట్లం విప్పాక అంత కుంగిపోయాను.

ఇంగ్లీషు అచ్చు కార్డు. ఖాళీల్లో నీ చేతిరాత, ఎడమకి వాలిన అక్షరాలు. అవి నేను పలకమీద దిద్దించినవే. 'మీ అర్జీ పరిశీలించి ముగించడమైనది. ఇక ఉత్తర ప్రత్యుత్తరాలు అక్కర్లేదు.' ఈ కార్డు సంగతే నువ్వు జూలైలో రాశావు. అదే నేను అందరికీ చదివి నవ్వించాను. నిన్న బస్సెక్కేటప్పుడు ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆ వంతెన మీద నిలబడినప్పుడు కూడా రాలేదు. పని ఎలా తొందరగా తేల్చాలో నేర్పాను. తేలడం అంటే ఏమిటో నేర్పలేదు, ఎందుకంటే నాకూ ఎవరూ నేర్పలేదు. బడిలో దస్తూరీ పుస్తకం తప్పు దిద్దితే ఎవరూ గెడ్డలో పడరు.

ఈ కార్డు పట్టుకుని, మళ్ళీ మీ ఆఫీసుకి నడిచొచ్చిన రోజులు తప్ప, ఆయన ఇరవైరెండు రోజులుగా వంతెన దగ్గర నిలబడుతున్నాడు. పొలం పని కొడుకులకి వదిలేశాడు. ఆఫీసువాళ్ళు వచ్చేదాకా కాపలా కాయడం తన వంతు అనుకున్నాడు. వాళ్ళు తమ వంతు చేస్తున్నారనుకున్నాడు.

"ఏటి రాసేరమ్మా?" అన్నాడు మళ్ళీ.

నేను అబద్ధమాడలేదు, నిజమూ చదవలేదు. "రోజు రాయలేదు నాయకో. ఇది రాసినవాడే వస్తాడు. వచ్చి తనే చదివి చెప్తాడు," అన్నాను. రాసినవాడు నాకేమవుతాడో చెప్పలేదు. ఆ మాటా నువ్వే చెప్పు.

నడిచి కోరాపుట్ వెళ్ళేవాళ్ళ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నువ్వొచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను. రాకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు, అదొక్కటే ఇప్పుడు నా భయం.

అక్క


కోరాపుట్
27 ఆగస్టు 1955, శనివారం

అక్కా,

మొన్న రెండింటికి హారను వినపడలేదు. బస్సు సంగతి నిన్న మధ్యాహ్నం తెలిసింది. ఎవరూ పోలేదన్నారు, కానీ అందులో నువ్వున్నావో లేదో ఎవరికీ తెలియదు. నా తంతి నీకు అందలేదని మాత్రం తంతి ఆఫీసులో చెప్పారు. అప్పట్నించి ఇవాళ పొద్దున్న నీ ఉత్తరం చేతికొచ్చేదాకా ఎలా ఉన్నానో రాయలేను. దేవకుమారికి అంతా చెప్పేశాను. తను విని నా సంచీ సర్దింది. తరవాత, "వదినగారు ఉన్నచోటికి వెళ్ళి తీసుకురండి. కమలాంబగారు నాతో ఉంటారు," అంది.

ఇవాళ ఆఫీసు తెరవగానే ఓవర్సీరు గదిలోంచి ఆ అర్జీ తెచ్చి నా బల్లమీద పెట్టాను. అతుక్కున్నదాన్ని ఊడదీస్తే ఒక మూల చిరిగింది. వేలిముద్ర మాత్రం బాగానే ఉంది. రిజిస్టర్లో 'ముగిసినది' కొట్టేసి, 'తిరిగి తెరవడమైనది, తప్పు నాది' అని రాసి ఢిల్లీశ్వరరావుగారి ముందు పెట్టాను.

ఆయన చదివి తలుపు మూశాడు. "నీకు మతి గాని పోయిందేటి? బస్సు పడిపోయింది, మనుషులు బతికేరు, వానకి పోయిందని రాసీసుకుంటాం. బుధవారం దొరగారు నీ పేరే సెప్పి మెచ్చుకున్నారు. ఇదిగో నీ పర్మినెంటు ఆర్డరు, సంతకం ఒక్కటే తక్కువ. ఈ కాగితం నువ్వు మళ్ళీ ఎందుకు ముట్టేవు?"

 రిజిస్టరు తీసుకుని నేరుగా డాక్ బంగళాకి వెళ్ళాను. పెద్ద ఇంజనీరుగారు ఇంకా అక్కడే ఉన్నారు. రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన అంతా విన్నారు. కోప్పడలేదు. ఒక్కటే అడిగారు: "ఇలా ఖాళీ కుర్చీకి పంపినవి ఎన్ని?"

ముప్ఫైయొక్కటి, అక్కా. ఆ లెక్క అంతకుముందు నేనెప్పుడూ వెయ్యలేదు. వాటిల్లో వంతెనలు ఎన్నో, జారిపోయే గట్లు ఎన్నో, వేలిముద్రలు ఎన్నో ఇంకా నాకు తెలియదు. ఇవాళంతా ఆరబెట్టి ఒక్కొక్కటీ విప్పాను. పదకొండు చదివాను. 

పర్మినెంటు ఆర్డరు సొరుగులోకి వెళ్ళిపోయింది. వచ్చేనెల మల్కనగిరి వెళ్ళమన్నారు. దేవకుమారి నీతో రాయగడ వస్తుంది, కాన్పు అక్కడే. బిడ్డని మొదటిరోజు నువ్వే ఎత్తుకుంటావు. నేను చూసేది ఎప్పుడో తెలియదు. నాన్న కార్డు బైబిల్లోంచి తీయకు. నేను మాత్రం నీకు 'కొద్దిగా జ్వరం' అని ఇంకెప్పుడూ రాయను. ఉంటే ఉందని, లేకపోతే లేదని రాస్తాను.

రేపు ఆదివారమని ఆగడం లేదు. పక్క సెక్షను ఓవర్సీర్నీ, ఇద్దరు వడ్రంగుల్నీ ఇంజనీరుగారు నాతో పంపుతున్నారు. తెల్లవారగానే బయల్దేరతాం. ఈ ఉత్తరం మాకంటే ముందు వెళ్ళే టపా మనిషికి ఇస్తున్నాను.

నాయకోని ఇంక వంతెన దగ్గర నిలబడొద్దని చెప్పు. లేదా చెప్పకు, నేనే వచ్చి చెప్తాను. కార్డులో ఏముందో చదివి వినిపించాలి. చదివాక ఆయన నావంక ఎలా చూస్తాడో తెలియదు. పలకల కింద నీళ్ళకంటే నాకు అదే ఎక్కువ భయంగా ఉంది.

అందుకే అక్కడికి రాగానే మొదట అదే చేస్తాను.

తమ్ముడు
అమృతరావు